వ్యోమగాములకు హ్యామ్ రేడియో ఎందుకు? మోర్స్ ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది?

సౌమ్య_పి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి అంతరిక్షం అంటే ప్రాణం. 2025 జులైలో శుభాంశు శుక్లా గారు అంతరిక్ష కేంద్రం నుంచి హ్యామ్ రేడియోలో (లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం నడిపే రేడియో) పిల్లలతో మాట్లాడారని తెలిసినప్పటి నుంచి తనూ హ్యామ్ పరీక్ష రాస్తానంటోంది. నాకు రెండు సందేహాలున్నాయి. అంతరిక్ష కేంద్రానికి ఉపగ్రహాల ద్వారా వీడియో సౌకర్యమే ఉంది కదా, మళ్ళీ ఈ చిన్న రేడియో దేనికి? రెండోది, హ్యామ్ గురించి ఏ పుస్తకం తెరిచినా చుక్కలు, గీతల మోర్స్ కోడ్ కనిపిస్తోంది. వ్యోమగాములు ఎవరైనా మోర్స్ వాడతారా? వాడకపోతే దాని మీద పిల్ల చేత సమయం పెట్టించడం సబబేనా? తెలిసినవాళ్ళు వివరంగా చెబితే సంతోషిస్తాను.

నింగిగాలం

సౌమ్య గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు 1983లో ఉంది. ఆ ఏడాది నవంబరు 28న కొలంబియా షటిల్ ఎస్‌టీఎస్-9 యాత్రకు బయల్దేరింది. అందులో ఓవెన్ గారియట్ ఉన్నారు. పదేళ్ళ ముందే స్కైలాబ్‌లో దాదాపు రెండు నెలలు గడిపి వచ్చిన మనిషి. కాల్‌సైన్ డబ్ల్యూ5ఎల్ఎఫ్ఎల్ (కాల్‌సైన్ అంటే ప్రతి హ్యామ్‌కీ ఇచ్చే గుర్తింపు). చేత్తో పట్టుకునే 2 మీటర్ల బ్యాండు (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) ఎఫ్ఎం రేడియో ఒకటి, కిటికీ దగ్గర పెట్టుకునే యాంటెన్నా ఒకటి వెంట తీసుకెళ్ళారు. డ్యూటీ లేని వేళల్లో రేడియో ఆన్ చేసి కింద ఎవరున్నారో పిలిచేవారు. పలికినవాళ్ళలో జోర్డాన్ రాజు హుస్సేన్ ఉన్నారు, ఆయన కాల్‌సైన్ జేవై1. అమెరికా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ ఉన్నారు. వాళ్ళతో సమానంగా, పేరు ఎవరికీ తెలియని మామూలు హ్యాములు ఎందరో ఉన్నారు. అసలు గొప్పదనం అక్కడే ఉంది. అంతకుముందు అంతరిక్షంలో ఉన్న మనిషితో మాట్లాడాలంటే నియంత్రణ కేంద్రంలో కూర్చుని ఉండాలి, లేదా దేశాధ్యక్షుడై ఉండాలి. గారియట్ తర్వాత లైసెన్సు, ఒక చిన్న రేడియో ఉంటే సరిపోయింది.

1985లో టోనీ ఇంగ్లండ్ షటిల్ నుంచి హ్యామ్ బ్యాండులో స్లో స్కాన్ టీవీ (ఒక్కో ఫొటోను నిదానంగా పంపే పద్ధతి) బొమ్మలు పంపారు. 1991 ఏప్రిల్లో ఎస్‌టీఎస్-37 మీద వెళ్ళిన ఐదుగురికీ లైసెన్సులున్నాయి. అంతరిక్ష కేంద్రంలో మొదటి సిబ్బంది అడుగుపెట్టిన 2000 నవంబరులోనే హ్యామ్ రేడియో పలికింది, అదే డిసెంబరు 21న అమెరికాలోని ఒక బడి పిల్లలతో మొదటిసారి సంభాషణ జరిగింది. ఆరిస్ అనే కార్యక్రమం కింద అప్పటినుంచి ఇది నడుస్తూనే ఉంది.

వీడియో ఉండగా ఇది ఎందుకంటారా? వీడియో అంతరిక్ష సంస్థ ఉపగ్రహాల మీదుగా, సంస్థ కేంద్రం మీదుగా, సంస్థ చెప్పిన వేళకు వస్తుంది. హ్యామ్‌లో అయితే పిల్లల నెత్తి మీదుగా పోతున్న కేంద్రం నుంచి తరంగం సూటిగా వాళ్ళ యాంటెన్నాలోకి దిగుతుంది. కేంద్రం తలమీదుగా వెళ్ళినప్పుడు పది నిమిషాలు దొరుకుతుంది. ఆ పది నిమిషాల్లోనే ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుని ప్రశ్న అడిగి "ఓవర్" అనాలి. ప్రశ్న అడగని పిల్లలూ, చుట్టుపక్కల రెండు వేల కిలోమీటర్ల లోపు రేడియో పెట్టుకున్న ఎవరైనా, 145.800 మెగాహెర్ట్జ్‌లో ఆ జవాబు వినొచ్చు. అనుమతి అడగక్కర్లేదు, వినడానికి చాలా దేశాల్లో లైసెన్సూ అక్కర్లేదు.

మీనాక్షి_ఆర్

వ్యోమగాముల వైపు నుంచి కూడా చూడండి. సెర్గేయ్ క్రికాలేవ్ 1991 మేలో మిర్ కేంద్రానికి వెళ్ళినప్పుడు సోవియట్ పౌరుడు. 1992 మార్చి 25న దిగివచ్చేసరికి సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు. 311 రోజులు. కింద తన దేశం విడిపోతుంటే పైన ఆయనకు అధికారిక సంభాషణలతో పాటు తోడున్నది హ్యామ్ రేడియో. యూ5మిర్ అనే కాల్‌సైన్‌తో లోకం నలుమూలల వాళ్ళతో మాట్లాడేవారు. పనితో సంబంధం లేని ఒక మామూలు మనిషి గొంతు వినడం నెలల తరబడి ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఎంత అవసరమో ఆ ఒక్క ఉదాహరణ చాలు. దీన్ని పిల్లల కార్యక్రమంగా మాత్రమే చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

చుక్కాగీత

గారియట్ దగ్గర ఒక ముక్క చేరుస్తాను. 1983లో అమెరికాలో మోర్స్ పరీక్ష నెగ్గనిదే ఏ స్థాయి హ్యామ్ లైసెన్సూ ఇచ్చేవారు కాదు. మోర్స్ అక్కర్లేని లైసెన్సు అక్కడ 1991లో వచ్చింది. అంటే అంతరిక్షం నుంచి మాట్లాడిన మొట్టమొదటి హ్యామ్ మోర్స్ పరీక్ష దాటినవాడే.

ఈ తరం వ్యోమగాముల్లో చాలామంది రాసేది మోర్స్ లేని టెక్నీషియన్ పరీక్ష, అమెరికాలో హ్యామ్ లైసెన్సుకి మొదటి మెట్టు. 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. కల్పనా చావ్లా కాల్‌సైన్ కేడీ5ఈఎస్ఐ, సునీతా విలియమ్స్‌ది కేడీ5పీఎల్‌బీ. ఇద్దరి దాంట్లోనూ 5 ఎందుకుందంటే, వ్యోమగాములు శిక్షణ పొందే హ్యూస్టన్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం అమెరికా కాల్‌సైన్ల లెక్కలో ఐదో మండలం.

బైట్_బాబు

అయితే రెండో ప్రశ్నకు జవాబు తేలిపోయింది కదా. వ్యోమగాములకే మోర్స్ అక్కర్లేదు. 2003లో జెనీవా రేడియో సమావేశం అంతర్జాతీయ నిబంధన నుంచి మోర్స్ పరీక్షను తీసేసింది, ఏ దేశానికి ఆ దేశం ఇష్టం అంది. అమెరికా 2007 ఫిబ్రవరిలో పూర్తిగా ఎత్తేసింది.

"వాయిస్ వినపడని చోట మోర్స్ వినపడుతుంది" అనే వాదం నిన్నటిదాకా నిజం. ఇప్పుడు ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి ఉంది, సిగ్నల్‌ని కంప్యూటరే విప్పుతుంది. 2017లో వచ్చింది. దాని వెనకున్న జో టేలర్ జంట పల్సార్ కనుక్కున్నందుకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త, తనూ హ్యామే. 50 హెర్ట్జ్ వెడల్పులో పదిహేను సెకన్లకో సందేశం. మోర్స్‌లో ఆరితేరిన చెవికి ఉత్త హోరు తప్ప ఇంకేమీ వినిపించని చోట అది కాల్‌సైన్ పట్టి ఇస్తుంది. సౌమ్య గారూ, మీ అమ్మాయి ఆ సమయంలో ప్రోగ్రామింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ నేర్చుకుంటే అంతరిక్షానికి అదే దగ్గర దారి. మోర్స్ మీద నాకు కోపమేమీ లేదు, పిల్లల సమయం మీద శ్రద్ధ ఉంది.

నింగిగాలం

బాబు గారు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. అంతరిక్ష కేంద్రం రేడియోకి మోర్స్ అవసరం లేదు, ఎందుకు లేదో తెలుసుకోవడం మంచిది.

కేంద్రం మనకు 400 కిలోమీటర్ల పైన ఉంటుంది. మధ్యలో కొండ లేదు, భవనం లేదు, చెట్టు లేదు. పైనున్న కొద్ది వాట్ల రేడియో, కింద చేతిలోని రేడియో ఒకదానికొకటి సూటిగా కనబడతాయి. సిగ్నల్‌కి కొరత లేదు. కొరత ఉన్నది సమయానికి. కేంద్రం గంటకు 27,600 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ పది నిమిషాల్లో పిల్లలకు జవాబు గొంతుతోనే చెప్పాలి. పైగా అక్కడున్నది ఎఫ్ఎం రేడియో. ఎఫ్ఎంలో రెండు సిగ్నళ్ళు ఒకేసారి వస్తే బలమైనది రెండోదాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. వందలమంది ఒక్కసారి పిలిచినా ఒకరి గొంతు తేటగా వినబడడానికి కారణం అదే. అదే ఎఫ్ఎం రిసీవర్‌కి మామూలు మోర్స్ వాహక తరంగం పంపితే కూత వినిపించదు. హోరు ఆగుతుంది, మళ్ళీ వస్తుంది, అంతే.

కాబట్టి వ్యోమగాములు వాడట్లేదు గనక మోర్స్ పనికిరాదు అనడం కుదరదు. వాళ్ళకున్న దారి సులువైనది, అందుకే వాళ్ళకు అక్కర్లేదు.

పాతరిగ్

నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, కొంచెం నిడివిగా రాస్తాను, ఏమనుకోకండి.

అంతరిక్షంలో మోర్స్ ఎక్కడుందని వెతికేవాళ్ళు వ్యోమగాముల దగ్గర ఆగిపోతారు. మనుషుల కంటే ముందు అది యంత్రాల నోట పలికింది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ వెళ్ళింది, దాని బీప్ బీప్ హ్యాములు 20 మెగాహెర్ట్జ్ మీద విన్నారు. అది మోర్స్ కాదు, ఉత్త స్పందనలు. నాలుగేళ్ళకు, 1961 డిసెంబరు 12న, హ్యాములు తామే కట్టుకున్న ఉపగ్రహం ఒకటి కక్ష్యలోకి చేరింది. పేరు ఆస్కార్-1. బరువు నాలుగున్నర కిలోలు, ట్రాన్స్‌మిటర్ శక్తి 140 మిల్లీవాట్లు. ఒక సైనిక ఉపగ్రహాన్ని మోసే రాకెట్టులో తూకం సరిచూసుకోవడానికి పెట్టే బరువు స్థానంలో దీన్ని కూర్చోబెట్టారు.

అది పలికిన మాట ఒక్కటే: హెచ్, ఐ. నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. డిడిడిడిట్ డిడిట్. హ్యాముల భాషలో నవ్వుకీ, పలకరింపుకీ అదే. మూడు వారాల పాటు ఆ ఒక్క మాటే. కానీ అందులో ఒక కొలత దాచారు. పెట్టె లోపలి వేడిని బట్టి ఆ హెచ్‌ఐ పలికే వేగం మారుతుంది. కింద విన్నవాళ్ళు గడియారం చూసుకుంటూ వాటిని లెక్కపెట్టి, ఉపగ్రహం ఎంత వేడిగా ఉందో కాగితం మీద తేల్చేవారు. కంప్యూటరు లేదు, డీకోడర్ లేదు. 28 దేశాల నుంచి 570 మందికి పైగా హ్యాములు తాము విన్నవి రాసి పంపారు. ఒక చెవి, ఒక గడియారం, ఒక పెన్సిలు ఉంటే ఉపగ్రహ ఉష్ణోగ్రత చెప్పగలిగిన రోజులవి.

ఇక ఏఓ-7, ఆస్కార్ వరసలోనే ఇంకో హ్యామ్ ఉపగ్రహం. 1974 నవంబరు 15న ప్రయోగించారు. 1981లో బ్యాటరీ షార్ట్ అయి నోరు మూతపడింది. అందరూ దాని లెక్క మూసేశారు. 2002 జూన్‌లో ఒక హ్యామ్ తన రేడియోలో మోర్స్ అంకెలు విన్నారు. ఏఓ-7 మళ్ళీ లేచింది. ఇరవై ఏళ్ళ పైచిలుకు మౌనం! షార్ట్ అయిన బ్యాటరీ కాలక్రమేణా తెగిపోయి ఓపెన్ సర్క్యూట్ అవడంతో సౌరఫలకాల కరెంటు మళ్ళీ సరాసరి రేడియోకి అందింది. ఎండ తగిలితే పలుకుతుంది, భూమి నీడలోకి పోతే ఆగిపోతుంది, బయటికి రాగానే మొదటి నుంచి మొదలుపెడుతుంది. అది వచ్చినట్టు తెలిసింది ఎలా? మోర్స్‌లో అంకెలు చెప్పుకుంటూ వచ్చింది కాబట్టి. 1974 నాటి ఇంకేదైనా డేటా పద్ధతి అయి ఉంటే, 2002లో దాన్ని విప్పే పరికరం ఎవరి బల్ల మీద ఉండేది?

మోర్స్‌కి డీకోడర్ మనిషి. మనిషి తరం మారినా పాడయిపోడు. దాన్ని నేను దాని మొదటి విలువగా చూస్తాను, దూరం తర్వాతి సంగతి.

సౌమ్య_పి

పాతరిగ్ గారూ, హెచ్‌ఐ సంగతి చదివి వినిపించాను. తను లేచి "వేడెక్కితే వేగం పెరుగుతుందా తగ్గుతుందా?" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు 🙂 ఏఓ-7 ఇప్పటికీ వినిపిస్తుందా?

పాతరిగ్

వినిపిస్తుందమ్మా. ఎండలో ఉన్నప్పుడు ఏదో ఒక పాస్‌లో (మన తలమీదుగా వెళ్ళే ఒక విడతలో) తప్పకుండా దొరుకుతుంది. ఎలా వినాలో కింద చెబుతాను, ముందు బాబు గారి వాదానికి జవాబు రానివ్వండి.

బైట్_బాబు

ఏఓ-7 కథ నాకూ ఇష్టమే. కానీ అది ఆనాటి ఉపగ్రహం. ఇవాళ ఒక చిన్న ఉపగ్రహం 9600 బాడ్ వేగపు డేటా ప్యాకెట్లో ఒక్క సెకనులో చెప్పేది మోర్స్‌లో చెప్పాలంటే పాస్ అయిపోతుంది. ఇప్పుడు ఉపగ్రహం కట్టేవాళ్ళు మోర్స్ పెట్టడం పాత అభిమానం తప్ప సాంకేతిక కారణంతో కాదు అనుకుంటున్నాను. కారణం ఉంటే చెప్పండి, వింటాను.

శ్రావణి_గ్రౌండ్‌స్టేషన్

బాబు గారూ, చిన్న ఉపగ్రహాలు వినే పని చేస్తాను, నాకు తెలిసిన కారణాలు చెబుతాను.

క్యూబ్‌శాట్ అంటే పది సెంటీమీటర్ల ఘనం, కిలో బరువు. ఒక రాకెట్టు మీద పదులకొద్దీ వెళ్తాయి. పీఎస్ఎల్‌వీ-సీ37 మీద 2017 ఫిబ్రవరి 15న 104 వెళ్ళాయి. విడిపోయిన మొదటి రోజుల్లో అన్నీ ఒకే గుంపుగా పోతుంటాయి. రాడార్ లెక్కల్లో వస్తువుల నంబర్లు ఉంటాయి, వాటిలో మనది ఏదో ఎవరికీ తెలియదు. కక్ష్య వివరాలు సరిగా లేవు, యాంటెన్నా తెరుచుకుందో లేదో తెలియదు, ఉపగ్రహం గిరగిరా తిరుగుతుంటుంది. ఆ పూట టీముకి కావలసింది మెగాబైట్లు కావు. "బతికే ఉన్నాను, బ్యాటరీ ఇంత" అనే రెండు ముక్కలు.

ఉపగ్రహం తిరుగుతున్నప్పుడు సిగ్నల్ లేస్తూ పడుతూ వస్తుంది. ఏఎక్స్.25 (హ్యాములు వాడే డేటా పద్ధతి) ప్యాకెట్లో ఒక్క బిట్టు పోయినా మొత్తం ఫ్రేమ్ చెత్తబుట్టలోకి పోతుంది. మోర్స్‌లో కాల్‌సైన్ మధ్యలో ఒక అక్షరం మునిగిపోతే, తర్వాతి సారి మునిగేది ఇంకో అక్షరం. రెండు మూడు సార్లు వినేసరికి కాగితం మీద పూర్తవుతుంది. నా నోట్‌బుక్‌లో అలాంటి పేజీలు బోలెడు: చుక్కలు, ఖాళీలు, కింద వరసలో ఆ ఖాళీలు నిండినవి.

ఇంకో సంగతి. మోర్స్ సిగ్నల్ వాటర్‌ఫాల్ తెర (సిగ్నళ్ళను గీతలుగా చూపే కంప్యూటర్ తెర) మీద ఒక సన్నని గీతగా కనిపిస్తుంది. 437 మెగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ వల్ల (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) సిగ్నల్ ఉపగ్రహం వస్తున్నప్పుడు పది కిలోహెర్ట్జ్ దాకా పైన, పోతున్నప్పుడు అంతే కింద ఉంటుంది. ఆ గీత ఏ క్షణంలో వేగంగా కిందికి వంగిందో చూస్తే ఉపగ్రహం మనకు అతి దగ్గరగా వచ్చిన సమయం తెలుస్తుంది. దాన్నిబట్టి ఆ గుంపులో మనది ఏ నంబరో గుర్తుపడతాం. వెడల్పాటి డేటా సిగ్నల్‌తోనూ ఇది చెయ్యొచ్చు, కానీ సన్నని గీతతో పని తేలిక, బలహీనంగా ఉన్నా కంటికి ఆనుతుంది.

టోక్యో విశ్వవిద్యాలయం విద్యార్థులు కట్టిన ఎక్స్‌ఐ-4 క్యూబ్‌శాట్ 2003 జూన్ 30న వెళ్ళింది. తొలి క్యూబ్‌శాట్లలో ఒకటి. దాని మోర్స్ బీకన్ (పదే పదే పంపే గుర్తింపు సిగ్నల్) ఎన్నో ఏళ్ళు వినిపిస్తూనే ఉంది.

బైట్_బాబు

శ్రావణి గారూ, మంచి కారణాలు. ప్యాకెట్ ఫ్రేమ్ పోవడం పద్ధతి లోపం, ఎర్రర్ కరెక్షన్ పెడితే ఆ సమస్య తీరుతుంది. దాని మీద నా మాట మారదు. మొదటి రోజుల గుర్తింపు విషయంలో మాత్రం మీరు చెప్పింది నేను ఆలోచించని కోణం. మీరు చెప్పకపోయినా ఇంకో మాట మీ వైపే ఉంది: మోర్స్‌కి ఒక్క ఆసిలేటర్‌ని (తరంగం పుట్టించే చిన్న సర్క్యూట్) ఆన్, ఆఫ్ చేస్తే చాలు, ప్రధాన కంప్యూటర్ పడిపోయినా బీకన్ బతకొచ్చు.

రన్‌వే09

నేను విమానాల మనిషిని. వ్యోమగాములకు మోర్స్‌తో పనే లేదన్న మాట మీద ఒక చిన్న సవరణ.

వాళ్ళలో చాలామంది పైలట్లు. విమానాలకు దారి చూపే నేలమీది వీఓఆర్ రేడియో కేంద్రాలు ఇప్పటికీ తమ పేరు మోర్స్‌లోనే చెబుతాయి. ఫ్రీక్వెన్సీ సంఖ్య తిప్పి పెట్టాక చెవిలో ఆ మూడక్షరాలు వినే వరకు సూదిని నమ్మకూడదని మొదటి రోజుల్లోనే నేర్పుతారు. మ్యాపు మీద కేంద్రం పేరు పక్కనే చుక్కలు, గీతలు అచ్చువేసి ఉంటాయి. మరమ్మతు జరుగుతుంటే పేరు ఆగిపోతుంది, లేదా 'టెస్ట్' అని వస్తుంది: డా, డిట్, డిడిడిట్, డా (డా అంటే గీత, డిట్ అంటే చుక్క). అప్పుడు సూది ఎంత నిలకడగా కనిపించినా వదిలెయ్యాలి.

ఇంకొకటి, అపోలో. చంద్రుడి దాకా వెళ్ళిన ఎస్-బ్యాండ్ రేడియో వ్యవస్థలో ఎమర్జెన్సీ కీ అనే మోడ్ ఉండేది. వాయిస్ పూర్తిగా పోతే, మాట్లాడే మీటనే మోర్స్ కీలా నొక్కి 512 కిలోహెర్ట్జ్ ఉపవాహకం ద్వారా సందేశం పంపే ఏర్పాటు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. కానీ ప్రతి గ్రాము లెక్క చూసుకున్న ఇంజనీర్లు చివరి ఆధారంగా దేన్ని ఉంచుకున్నారో గమనించండి.

చుక్కాగీత

వాయిస్ పోయిన చోట మోర్స్ ఎందుకు నిలబడుతుందో తేల్చే లెక్క నిజానికి కష్టమేమీ కాదు. ఎస్ఎస్‌బీ (హ్యాములు దూరాలకు గొంతు పంపే పద్ధతి) వాయిస్‌కి దాదాపు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌ని 100 హెర్ట్జ్ ఫిల్టర్‌తో వినొచ్చు. ఇరవై ఐదో వంతు హోరు మాత్రమే లోపలికి వస్తుంది, 14 డెసిబెల్స్ లాభం. అందుకే చంద్రుడి మీద తరంగాన్ని కొట్టి వెనక్కి రప్పించే హ్యాములు దశాబ్దాల పాటు మోర్స్‌నే నమ్ముకున్నారు. రెండు డిట్‌లు కొట్టి చెయ్యి తీస్తే, రెండున్నర సెకన్ల తర్వాత అవే రెండు డిట్‌లు హోరులోంచి సన్నగా తిరిగొస్తాయి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా టేలర్ గారి డిజిటల్ పద్ధతులే చేస్తున్నాయి, బాబు గారి మాట అక్కడ నూటికి నూరు పాళ్ళు నిజం.

జూనో సంగతి ఎవరూ ఎత్తలేదేం? గురుగ్రహానికి వెళ్తున్న జూనో నౌక వేగం పుంజుకోవడానికి 2013 అక్టోబరు 9న భూమి పక్కనుంచి వెళ్ళింది. లోకం నలుమూలల హ్యాములు 10 మీటర్ల బ్యాండులో ఒకేసారి దానికి హెచ్‌ఐ అని పంపారు. మామూలు వేగంతో కాదు, ఒక్కో చుక్క 30 సెకన్లు! లెక్కేసి చూడండి. హెచ్‌లో నాలుగు చుక్కలు, మధ్యలో మూడు ఖాళీలు: ఏడు. అక్షరాల మధ్య ఖాళీ మూడు. ఐకి రెండు చుక్కలు, ఒక ఖాళీ: మూడు. మాట అయ్యాక ఖాళీ ఏడు. మొత్తం ఇరవై. ఇరవై ముప్పైలు ఆరు వందల సెకన్లు. ఒక్క పలకరింపుకి సరిగ్గా పది నిమిషాలు. నౌకలోని వేవ్స్ అనే పరికరం నెమ్మదిగా మారే వాటినే గమనించగలదు గనక అలా చేశారు. వెయ్యి మందికి పైగా ఆ కీ నొక్కారు, జూనో విన్నది.

నింగిగాలం

అంగారకుడి మీద కూడా ఉందండోయ్. క్యూరియాసిటీ రోవర్ చక్రాల్లో చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. అవి మట్టి మీద వదిలే ముద్ర మోర్స్‌లో 'జేపీఎల్', ఆ రోవర్‌ని తయారుచేసిన నాసా ప్రయోగశాల పేరు. ఒక చుక్క మూడు గీతలు, చుక్క గీత గీత చుక్క, చుక్క గీత చుక్క చుక్క. అలంకారం మాత్రమే కాదు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక ముద్ర. కెమెరాతో ముద్రల మధ్య దూరం కొలిస్తే, చక్రం ఇసుకలో జారుతోందా నిజంగా ముందుకు పోతోందా తెలుస్తుంది.

మీనాక్షి_ఆర్

అంతరిక్షం కాకపోయినా ఒక మాట. చేతులు పూర్తిగా స్వాధీనంలో లేని పిల్లలతో పనిచేస్తాను. రెండు స్విచ్చులు ఉంటే, ఒకటి చుక్కకీ ఒకటి గీతకీ, తలతోనో మోకాలితోనో నొక్కి మొత్తం అక్షరమాల రాయొచ్చు. 2018లో గూగుల్ ఫోన్ కీబోర్డులోనే మోర్స్ చేర్చింది. దాని తయారీలో, సెరిబ్రల్ పాల్సీతో ఉండి మోర్స్ ద్వారానే మాట్లాడే ఒక మహిళ పాలుపంచుకున్నారు. తెర మీద అక్షరాలు ఒక్కోటిగా వెలుగుతుంటే కావలసింది వచ్చేదాకా ఎదురుచూసే పద్ధతి కంటే ఇది ఎన్నో రెట్లు వేగం. మోర్స్ ఎవరికి పనికొస్తుంది అనే ప్రశ్నకు ఈ జవాబు కూడా ఉండాలి.

పాతరిగ్

మీనాక్షి గారూ, చాలా మంచి మాట రాశారు.

పరీక్ష నుంచి మోర్స్‌ని తీసెయ్యడం గురించి కూడా నా అభిప్రాయం చెప్పేస్తాను. తీసెయ్యడమే మేలైంది. మా రోజుల్లో రేడియో బాగా తెలిసినవాళ్ళు మోర్స్ పరీక్ష దగ్గర ఆగిపోయి ఈ వైపు మళ్ళీ రాలేదు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళు ఇష్టపడి నేర్చుకుంటున్నారు, వాళ్ళ చేతి వాటం వింటే ఆ తేడా తెలుస్తుంది.

సౌమ్య గారూ, అమ్మాయి నేర్చుకుంటానంటే ఒక్క జాగ్రత్త: చుక్కలు గీతల పట్టిక గోడకి అంటించొద్దు. చూసి నేర్చుకున్నవాళ్ళు విన్న ప్రతి అక్షరాన్నీ మనసులో చుక్కలుగా లెక్కపెట్టి పట్టికలో వెతుకుతారు. నిమిషానికి ఏడెనిమిది పదాల దగ్గర గోడ తగులుతుంది, కూడబలుక్కుని చదివే అలవాటు వదలనట్టే అదీ వదలదు. అక్షరాన్ని మొదటి రోజు నుంచే నిమిషానికి 18, 20 పదాల వేగంతో వినిపించాలి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మాత్రం కావలసినంత ఎడం ఇవ్వాలి. 'డాడిడా' అనేది ఒక శబ్దం, అది కే. అంతే. ముందు రెండే అక్షరాలు, అవి పట్టుబడ్డాక మూడోది. కోక్ పద్ధతి అంటారు దీన్ని.

రోజుకి పావుగంట చాలు. ఒక్కరోజు గంటసేపు కూర్చుని వారం మానేస్తే రాదు.

సౌమ్య_పి

చాలా ధన్యవాదాలు అందరికీ. తనకి ఏఓ-7 వినాలని ఉంది, అక్షరాలన్నీ వచ్చేదాకా ఆగలేనంటోంది. ఏం కావాలి? మా దగ్గర చిన్న ఎఫ్ఎం వాకీటాకీ ఒకటి ఉంది.

శ్రావణి_గ్రౌండ్‌స్టేషన్

ఆ వాకీటాకీతో అంతరిక్ష కేంద్రం వినొచ్చు. 145.800 పెట్టి స్క్వెల్చ్ (హోరును అణిచే ఏర్పాటు) పూర్తిగా తెరవండి, లేకపోతే బలహీనమైన మొదలు, చివర పోతాయి. పొట్టి రబ్బరు యాంటెన్నా బదులు పొడుగుది పెట్టి, నిటారుగా కాకుండా కొంచెం వంచి తిప్పుతూ చూడండి. వ్యోమగాములు ఎప్పుడూ మాట్లాడుతూ ఉండరు, బడి కార్యక్రమం ఉన్న రోజు చూసుకోవాలి.

ఏఓ-7కి మాత్రం ఎఫ్ఎం పనికిరాదు, నింగిగాలం గారు పైన చెప్పిన కారణమే. ఎస్ఎస్‌బీ గానీ సీడబ్ల్యూ (మోర్స్ వినే మోడ్) గానీ ఉన్న రిసీవర్ కావాలి. కంప్యూటర్‌కి తగిలించే చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్) సరిపోతుంది. బీకన్ ఏ మోడ్‌లో ఉందో దాన్నిబట్టి 145.97 దగ్గరో, 29.50 దగ్గరో వినిపిస్తుంది. పాస్ సాగుతున్నకొద్దీ కూత స్థాయి దిగిపోతుంటుంది, దాన్ని వెంబడిస్తూ ట్యూన్ చెయ్యాలి.

పాతరిగ్

అక్షరాలన్నీ అక్కర్లేదు! ఏఓ-7 బీకన్ హెచ్‌ఐ హెచ్‌ఐ అని మొదలుపెట్టి ఆపైన చెప్పేవన్నీ అంకెలే. మూడేసి అంకెల సంఖ్యలు, వరసకి నాలుగు, మొత్తం ఆరు వరసలు. ప్రతి సంఖ్యలోనూ మొదటి అంకె వరస నంబరు: మొదటి వరసలో నాలుగూ 1తో, రెండో వరసలో 2తో, అలా 6 దాకా. కాబట్టి మధ్యలో ఎక్కడ తప్పిపోయినా తను ఏ వరసలో ఉందో మొదటి అంకే చెబుతుంది. అంకెలన్నిటికీ ఐదేసి శబ్దాలే. అమ్మాయిని ముందు పది అంకెలు, హెచ్, ఐ నేర్చుకోమనండి. అక్షరమాల తర్వాత చూసుకోవచ్చు.

బైట్_బాబు

ఇది నాకు బాగా నచ్చింది. సౌమ్య గారూ, తను విని కాగితం మీద రాసుకున్న సంఖ్యలు టైప్ చేస్తే వాటిని వోల్టేజీలు, ఉష్ణోగ్రతలుగా మార్చి గ్రాఫ్ గీసే చిన్న ప్రోగ్రామ్ రాసిస్తాను. తనకి ఆసక్తి ఉంటే కలిసి రాద్దాం. శబ్దం విని అంకెలుగా మార్చే భాగం మాత్రం అందులో పెట్టను, అది తన పని.

శ్రావణి గారూ, ఆ ఇరవై నాలుగు సంఖ్యల్లో ఏది దేన్ని కొలుస్తుందో చెప్పే పట్టిక, మార్పిడి సూత్రాలు మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టండి. వారాంతంలో మొదలుపెడతాను.